రికార్డర్ ఆపేయమన్నాక చెప్పిన మాటలు ఎవరివి?

కోటగుమ్మం
మంగళవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. ఇరవై రెండేళ్లు ఇక్కడి నుంచే ఒక చిన్న సాంస్కృతిక మాసపత్రిక నడిపాను. ఇంటర్వ్యూలు చేసేదీ నేనే, ప్రూఫులు దిద్దేదీ నేనే, చందాదారుల కాపీలకు రేపర్లు చుట్టి పోస్టాఫీసుకు మోసేదీ నేనే. 2020 లాక్‌డౌన్‌లో ఆగింది, మళ్లీ మొదలుపెట్టలేకపోయాను. పద్యనాటకాల వాళ్లు, హరికథ భాగవతార్లు, బుర్రకథ దళాలు, జముకుల కథ చెప్పేవాళ్లు, రికార్డింగ్ డాన్సుల్లో ఆడిన అమ్మాయిలు, మద్రాసు వెళ్లి నాలుగు సినిమాల్లో చిన్న వేషాలు వేసి తిరిగొచ్చేసిన వాళ్లు, ఇటు షూటింగుకి వచ్చినప్పుడు దొరికిన పెద్ద నటులు, అందరితో మాట్లాడాను. ఆ క్యాసెట్లు నూట నలభై దాకా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఇప్పుడు ఒక్కొక్కటీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను.

పోయిన వారం ఒక క్యాసెట్టు దగ్గర ఆగిపోయాను. 2001 వేసవిలో, చీపురుపల్లి అవతల ఒక పల్లెలో చేసిన ఇంటర్వ్యూ. ఆయన పద్యనాటకాల్లో ఆడవేషాలు వేసిన నటుడు, అప్పటికే డెబ్బై నాలుగేళ్లు. మాటలన్నీ అయ్యాక "ఇంక ఆపెయ్యమ్మా" అన్నారు. నేను బటన్ నొక్కాననే అనుకున్నాను, కానీ అది సరిగ్గా పడలేదు. టేపు తిరుగుతూనే ఉంది, ఆ వైపు అయిపోయేదాకా ఇంకో పంతొమ్మిది నిమిషాలు రికార్డయింది. మేం టీ తాగడం, బయట కోళ్ల అరుపులు, అన్నీ ఉన్నాయి. ఆ పంతొమ్మిది నిమిషాల్లో ఆయన ఒక పద్యం పాడారు, స్టేజీ మీద పాడినట్టు కాదు, గురువు ఇంట్లో నేర్పినట్టు, చాలా మెల్లగా. తర్వాత వేషాలు ఎందుకు మానేశారో చెప్పారు. ఒక జాతర రాత్రి, చీర కట్టుకుని ముఖానికి రంగుతో ఉన్న మనిషిని తోటి నటుడు ఒకాయన అందరి ముందూ ఎలా అవమానించాడో చెప్పారు. చివర్లో "ఇది రాయకమ్మా, ఆయన పిల్లలు ఇక్కడే తిరుగుతున్నారు" అన్నారు. నేను రాయలేదు. నిజం చెప్పాలంటే తర్వాత ఆ మాటలు మరిచిపోయాను కూడా.

ఆయన 2009లో పోయారు. ఇప్పుడు ఆయన మనవడు ఫోన్ చేసి "తాతయ్య గొంతు ఉందట కదా, ఇవ్వండమ్మా" అంటున్నాడు. ఇంటర్వ్యూ వరకూ ఇవ్వడానికి సందేహం లేదు. ఆ పంతొమ్మిది నిమిషాలు ఏం చెయ్యాలి? ఇచ్చేయాలా, కత్తిరించి పద్యం ఒక్కటే ఇవ్వాలా, నా దగ్గరే ఉంచుకోవాలా? వారం నుంచి ఇదే టెన్షన్. మీరేం చేసేవారో చెప్పండి.

నాగావళి_గట్టు
మంగళవారం, రాత్రి 10:15

అమ్మా, నేను శ్రీకాకుళంలో ముప్పై ఏళ్లు విలేకరిగా చేశాను. మా రోజుల్లో లెక్క ఒక్కటే, రాయొద్దన్నది రాయకూడదు. అలా రాయకుండా వదిలేసిన విషయాలు నా దగ్గర చాలా ఉన్నాయి, వాటి వల్లే మనుషులు నాకు మళ్లీ తలుపు తీశారు. ఆయన పోయారు కదా అని ఆ మాట చెల్లకుండా పోదు.

పాతపేజీలు
మంగళవారం, రాత్రి 10:31

నేను ఒప్పుకోను గురువుగారూ, క్షమించాలి. మాది బొబ్బిలి, పాత సినిమా పత్రికలు, నాటకాల కరపత్రాలు పోగుచేస్తుంటాను. ఆడవేషాలు వేసిన మగవాళ్ల గురించి మనకు దొరికేదంతా పొగడ్తే. స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది, ఆయన గురించి అందరూ రాస్తారు, రాయాలి కూడా. కానీ ఊరూరా తిరిగి అవే వేషాలు వేసిన వందలాది మందిని దారిలో ఏమని పిలిచారో, తెర వెనక ఎలా చూశారో ఎక్కడైనా కాగితం మీద ఉందా? ఆ బాధ చెప్పిన ఒక్క టేపు దొరికితే దాన్నీ పెట్టెలో పెట్టేస్తే, రేపు చదివేవాళ్లు ఆ మనుషులకు చప్పట్లు తప్ప ఏమీ తగల్లేదనే అనుకుంటారు. పేరు తీసేసి రాయండమ్మా.

గజ్జెలమోత
మంగళవారం, రాత్రి 11:04

పేరు తీసేస్తే సరిపోతుందా అండీ? మన ఊళ్లలో "ఫలానా ఏడు, ఫలానా జాతర, ఆడవేషం" అంటే చాలు, పేరు ఊరంతా చెప్పేస్తుంది. ఆ అవమానించినాయన పిల్లలు, మనవలు చదువుతారు. వాళ్లేం పాపం చేశారు?

మా నాన్న తప్పెటగుళ్ల దళం నాయకుడు. రేకు తప్పెట గుండె మీద కట్టుకుని, కాళ్లకు గజ్జెలు వేసుకుని నలభై ఏళ్లు గెంతాడు. చొక్కా విప్పితే ఆ తప్పెట ఆనిన చోట మచ్చ గుండ్రంగా కనిపిస్తుంది. ఎంతమంది వచ్చారో ఇంటర్వ్యూలకి, ఒక్కరూ ఆ మచ్చ గురించి అడగలేదు. "ఒక స్టెప్పు వెయ్యండి బాబాయ్", "మీ కష్టాలు చెప్పండి", ఈ రెండే. ఒకడి భుజాల మీద ఇంకొకడు ఎక్కి గోపురంలా నిలబడతారు చూడండి, అప్పుడు అందరూ పైనున్న వాణ్ణే ఫొటో తీస్తారు. కింద నిలబడేది మా నాన్న. ఆ మోకాళ్ల గురించి అడిగితే గంటసేపు చెప్పేవాడు, బరువు ఏ కాలి మీదికి మార్చాలో, పాట ఏ మాట దగ్గర ఊపిరి పట్టాలో.

కోటగుమ్మం
బుధవారం, ఉదయం 6:20

బాబూ గజ్జెలమోతా, నీ మాట చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. నేనూ మొదటి రెండేళ్లూ అలాంటి ప్రశ్నలే అడిగాను. "మరిచిపోలేని సంఘటన చెప్పండి" అంటే ఎవరైనా అంతకుముందు పదిమందికి చెప్పిందే చెప్తారు. జముకు వాయించే ఒకాయన దగ్గర నాకు తెలివి వచ్చింది. ఏ ప్రశ్న వేసినా "ఏటుందమ్మా సెప్పడానికి" అంటున్నారు. ఊరికే ఆ జముకు చేతిలోకి తీసుకుని, "ఈ నరం ఎడం చేత్తో లాగి పడితే శబ్దం మారుతోంది కదా, ఎంత లాగాలో మీకెలా తెలుస్తుంది?" అన్నాను. అంతే, చాప మీద ముందుకు జరిగి కూర్చున్నారు. రెండు గంటలు! కథలో ఏడుపు వచ్చేచోట నరం ఎలా పట్టాలో, నవ్వించేచోట ఎలా వదలాలో, వంత పాడేవాడు ఎక్కడ "ఆఁ" అనాలో. ఆ రోజు నుంచి పని గురించి అడగడం నేర్చుకున్నాను. పని గురించి అడిగితే బతుకు దానంతటదే బయటికొస్తుంది. ఎంత చెప్పాలో ఆయన చేతిలోనే ఉంటుంది.

హాలు_ముందుబెంచీ
బుధవారం, ఉదయం 8:05

అమ్మా, కొంచెం పక్కకు వెళ్తున్నాను, ఏమీ అనుకోకండి. పెద్ద నటుల్ని కూడా కలిశానన్నారు. వాళ్లతో ఎలా? నాకు సినిమా పిచ్చి, ఇప్పటికీ మొదటి రోజు మొదటి ఆట తప్ప చూడను. వాళ్లు మామూలుగా మాట్లాడతారా?

కోటగుమ్మం
బుధవారం, ఉదయం 8:50

నాకూ ఉంది నాయనా ఆ పిచ్చి, అది లేకపోతే ఈ పని చెయ్యలేం. చిన్నప్పుడు హాల్లో అమ్మే పాటల పుస్తకాలు కొని, రేడియోలో ఆ పాట వచ్చినప్పుడు పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. సుశీల గారి పాట వస్తే మా వీధిలో ముసలమ్మలు "మన ఊరి పిల్ల" అనేవాళ్లు. గిన్నిస్ వాళ్లు 2016లో ఆవిడ పాటలు 17,695 అని లెక్కగట్టినప్పుడు మా సంచికలో ఆ అంకెను కవర్ పేజీ మీద పెద్దగా వేశాను, లోపల మాత్రం ఇక్కడ సంగీతం నేర్చుకున్న రోజుల గురించే రాశాను.

పెద్ద నటులు దొరికితే పది నిమిషాలు. అంతకు ముందురోజు రాత్రే వాళ్ల పాత ఇంటర్వ్యూలన్నీ చదివి, వాటిలో ఉన్న ప్రశ్నలన్నీ నా కాగితంలోంచి కొట్టేసేదాన్ని. ఒకాయన్ని మీ చిన్నప్పుడు ఊళ్లో జాతరకి ఏ వేషాలు వచ్చేవి అని అడిగాను. అసిస్టెంటు వచ్చి షాట్ రెడీ అన్నా కదల్లేదు, పులివేషం వాడి నడక నడిచి చూపించారు. ఆ నడకే ఆయన ఒక సినిమాలో వాడుకున్నారని ఆ నిమిషంలో ఇద్దరికీ అర్థమైంది. ఆనందంతో నాకు చేతులు వణికాయి. ఇలాంటి రోజు ఏడాదికి ఒకటి వస్తే చాలు, మిగతా పదకొండు నెలలూ ప్రెస్సు బాకీలు కట్టుకుంటూ గడిపెయ్యొచ్చు.

పాతపేజీలు
బుధవారం, ఉదయం 9:30

రెండువైపులా కూర్చున్న మనిషి అంటే నాకు రావి కొండలరావు గారే గుర్తొస్తారు. సామర్లకోటలో పుట్టినా పెరిగింది శ్రీకాకుళంలోనే. 1966లో మొదలైన సినిమా పత్రిక విజయచిత్రలో పాతికేళ్లు పనిచేస్తూనే వందల సినిమాల్లో వేశారు. పొద్దున్న మేకప్పు వేసుకునేదీ ఆయనే, సాయంత్రం పేజీలు చూసేదీ ఆయనే. నా దగ్గర ఆ పత్రిక పాత సంచికలు డెబ్బై పైగా ఉన్నాయి. వాటిలో నాకు నచ్చేది ఏంటంటే, తారల ఇంటి గొడవలు తవ్వడం తక్కువ, షూటింగులో ఏ సెట్టు ఎలా వేశారు, ట్రిక్కు షాట్ ఎలా తీశారు అనేదే ఎక్కువ. మొహానికి రంగేసుకున్న మనిషి కనుకే అలా నడిపారేమో అనిపిస్తుంది. ఇది నా అభిప్రాయమే.

నాగావళి_గట్టు
బుధవారం, ఉదయం 10:12

చూశారా, మీరే నా మాట చెప్పారు.

ఇంకొకటి కూడా చెప్తాను. ఘంటసాల గారు విజయనగరంలో సంగీతం నేర్చుకుంటూ మధూకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి, తిన్నారని, పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి చదువు చెప్పారని మనందరికీ తెలుసు. అది ఎవరో తవ్వి తీసిన సంగతి కాదు, ఆయన దాచుకోలేదు. తన ఆకలి కథ తనే చెప్పుకున్నాడు కనుక అది మనకు గౌరవం అయింది. అదే ఆయన వద్దన్నాక ఎవరో బయటపెట్టి ఉంటే ఎలా ఉండేది?

పాతపేజీలు
బుధవారం, ఉదయం 10:40

అది వేరు గురువుగారూ. ఘంటసాల గారికి చెప్పుకునే చోటు దొరికింది. ఈ చీపురుపల్లి ఆయనకు దొరికింది అమ్మ ఒక్కతే, అదీ టీ తాగేటప్పుడు. ఊళ్లో భయం వల్ల వద్దన్నాడు, ఇష్టం లేక కాదు.

కోటగుమ్మం
బుధవారం, ఉదయం 11:15

ఈ మాటే నన్ను పట్టుకుంది. భయం వల్ల వద్దన్నారా, ఇష్టం లేక వద్దన్నారా? టేపు మూడుసార్లు విన్నాను. గొంతులో భయం లేదు. అలసట ఉంది. "రాయకమ్మా" అనేటప్పుడు నవ్వుతున్నారు కూడా.

సిక్కోలు_కెమెరా
బుధవారం, మధ్యాహ్నం 2:20

అందరూ పెద్దవాళ్లు మాట్లాడుతున్నారు, నేను చెప్పొచ్చో లేదో తెలీదు. మాది ఆమదాలవలస, నాకు ఒక చిన్న వీడియో ఛానెల్ ఉంది, జానపద కళాకారుల్ని ఇంటర్వ్యూ చేస్తుంటాను. రెండేళ్ల కింద ఒక గాయని కెమెరా ఆపేశాననుకుని తన అప్పుల గురించి ఏడుస్తూ చెప్పింది. నేను ఆపలేదు. తెలిసే ఆపలేదు. అది పెడితే ఎవరైనా సాయం చేస్తారని నాకు నేనే చెప్పుకున్నాను, పైన ఆవిడ ఏడుస్తున్న ఫొటో పెట్టాను. నా ఛానెల్లో ఎప్పుడూ రానన్ని వ్యూస్ వచ్చాయి. వారం తర్వాత ఆవిడ కూతురికి వచ్చిన సంబంధం వెనక్కి పోయింది, "అప్పులున్న ఇల్లు" అన్నారట. ఆవిడ నన్ను తిట్టలేదు. ఫోన్ చేసి "బావూ, అది తీసెయ్యి" అంది, అంతే. తీసేశాను. కానీ అప్పటికే వేరేవాళ్లు ముక్కలు చేసి పెట్టేసుకున్నారు, అవి ఇప్పటికీ తిరుగుతున్నాయి.

అమ్మా, మీ టేపు ఒకసారి బయటికెళ్తే మీ చేతిలో ఉండదు. అది ఒక్కటి చెప్దామని రాశాను.

గజ్జెలమోత
బుధవారం, మధ్యాహ్నం 2:34

తమ్ముడూ, ఇది నలుగురిలో ఒప్పుకున్నావు, మంచి పని చేశావు. ఆవిడ కూతురికి ఇప్పుడు పెళ్లయిందా?

సిక్కోలు_కెమెరా
బుధవారం, మధ్యాహ్నం 2:41

అయింది అన్నా, పోయిన మాఘంలో. నన్ను పిలిచారు. వెళ్లి వీడియో తీసి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను, ఎక్కడా పెట్టలేదు.

ఏకాండి
బుధవారం, సాయంత్రం 5:55

ఇవ్వాలా వద్దా అన్నది మీరు తేల్చుకోండి, నేను టేపు సంగతి చెప్తాను, ఎందుకంటే అది పాడైతే ఈ చర్చే ఉండదు. సౌండ్ పని చేస్తాను, మాది బొబ్బిలి దగ్గరే, వీణలు చేసే గొల్లపల్లి పక్క ఊరు.

అమ్మా, ముందు క్యాసెట్టు పైన వెనక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలూ విరిచెయ్యండి, పొరపాటున దాని మీద రికార్డ్ అవ్వదు. ఇన్నేళ్లు కదపకుండా ఉన్న టేపుని వెంటనే ప్లే చెయ్యకండి, ఒకసారి చివరిదాకా తిప్పి మళ్లీ వెనక్కి తిప్పండి. అంచుల్లో తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు, ఆడించకుండా పక్కన పెట్టండి, ఆ పొడి హెడ్డుకి పట్టి మిగతా క్యాసెట్లకూ అంటుకుంటుంది. ప్రతి రెండు మూడు క్యాసెట్లకీ హెడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. ఫైలు ఎంపీ3లో కాదు, వేవ్‌లో దాచండి, తర్వాత కావాలంటే ఎంపీ3 చేసుకోవచ్చు. తొంభై నిమిషాల టేపు అరవై దానికన్నా పల్చన, నూట ఇరవైది ఇంకా పల్చన, సాగిపోతుంది. అందుకని మాటిమాటికీ ముందుకీ వెనక్కీ తిప్పి వినొద్దు. మూడుసార్లు విన్నానన్నారు, ఇక చాలు, ఫైల్లో వినండి.

వయొలిన్_తీగ
బుధవారం, రాత్రి 8:10

అమ్మా, నేను మీ ఊరి అమ్మాయినే. 1919లో పెట్టిన మన సంగీత కళాశాలలోనే చదువుకున్నాను, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను. ఇక్కడ అందరూ ఆ అవమానం గురించే మాట్లాడుతున్నారు, నాకు మాత్రం ఆ పద్యం మీదే ప్రాణం కొట్టుకుంటోంది. ఆయన ఏ రాగంలో పాడారు? స్టేజీ మీద పాడే పద్ధతికీ దానికీ తేడా ఏమిటి?

కోటగుమ్మం
బుధవారం, రాత్రి 8:45

తల్లీ, నాకు సంగీతం వినడమే తెలుసు. రాయబారం ఘట్టంలో ద్రౌపది పద్యం. స్టేజీ మీద ఆయన దాన్ని మోహనలో, పెద్ద ఆలాపనతో పాడేవారు, జనం వన్స్ మోర్ కొట్టేవాళ్లు, అది ఇంటర్వ్యూలో కూడా పాడారు. రెండోసారి మాత్రం వేరు. ఆలాపన లేదు. నా చెవికి ముఖారిలా ఉంది. "మా గురువు ఇలా సెప్పినాడమ్మా, ఇలా పాడితే ఎనకున్నోళ్లకి ఇనపడదు, అందుకని నానే మార్చుకున్నాను" అన్నారు. మైకులు లేని రోజులు కదా, ఆఖరి వరుసకి వినపడాలంటే గొంతెత్తక తప్పదు. తను నలభై ఏళ్లు పాడింది గురువు చెప్పినట్టు కాదని ఆ రోజు నాతో చెప్పుకున్నారు. అసలు రహస్యం ఇదేనేమో అని నాకిప్పుడు అనిపిస్తోంది, ఆ గొడవ కన్నా.

వయొలిన్_తీగ
బుధవారం, రాత్రి 8:58

అయితే ఆ పద్యం ఆయనది కూడా కాదమ్మా, ఆయన గురువుది. దాన్ని మాత్రం దాచకండి. దయచేసి.

కోటగుమ్మం
బుధవారం, రాత్రి 9:30

గురువు అంటే గుర్తొచ్చింది, నా తప్పు ఒకటి చెప్పాలి. 2004లో ఒక బుర్రకథ కళాకారుడి ఇంటర్వ్యూలో ఆయన గురువుగారి ఇంటిపేరు తప్పు పడింది. టేపులో సరిగానే ఉంది, నేనే మళ్లీ వినకుండా రాశాను, ప్రూఫులోనూ చూసుకోలేదు. సంచిక వచ్చిన మూడో రోజు ఆయన సాలూరు నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చారు, పత్రిక గుండెలకు పెట్టుకుని. కోపం లేదు, కళ్లలో నీళ్లు. "నా పేరు తప్పు రాసినా ఒగ్గేద్దునమ్మా, ఆయన పేరు తప్పు రాసీసినావు, నానేటి మొకం ఎట్టుకుని ఆ ఇంటికెల్తాను" అన్నారు. తర్వాతి నెల సవరణ అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేశాను. కాపీ తీసుకుని ఆయనతో కలిసి ఆ గురువుగారి ఇంటికి వెళ్లాను కూడా. అప్పటి నుంచి అచ్చుకి ముందు పేర్లు, ఊళ్లు, ఏళ్లు ఫోన్లో చదివి వినిపించకుండా ఒక్క ఇంటర్వ్యూ వెయ్యలేదు.

నాగావళి_గట్టు
బుధవారం, రాత్రి 9:52

మొత్తం మేటర్ చూపించడం తప్పు, పేర్లు చూపించకపోవడం ఇంకా తప్పు. నేనూ ఇదే పాటించాను.

అమ్మా, మనం ఇంతమంది కూర్చుని వాదించుకుంటున్నాం, ఆ ఇంట్లో ఎవరున్నారు? మనవడు ఒక్కడేనా?

కోటగుమ్మం
బుధవారం, రాత్రి 10:05

ఆయన భార్య ఉన్నారు. ఎనభై ఎనిమిదేళ్లు. ఆ రోజు టీ పెట్టింది ఆవిడే, టేపులో గాజుల శబ్దం ఆవిడదే.

నాగావళి_గట్టు
బుధవారం, రాత్రి 10:07

మరి ఆవిణ్ణి అడగండి.

పాతపేజీలు
బుధవారం, రాత్రి 10:20

అవును. ఇది నాకు తట్టలేదు. ఆవిడ ఏమన్నా నేను ఒప్పుకుంటాను.

కోటగుమ్మం
ఆదివారం, రాత్రి 8:30

ఈరోజు వెళ్లొచ్చాను. పొద్దున్నే బస్సు, తర్వాత ఆటో. ఏకాండి గారు చెప్పినట్టు క్యాసెట్టు ఇంట్లోనే ఉంచి ఫైలు ల్యాప్‌టాప్‌లో తీసుకెళ్లాను. మనవడు చిన్న స్పీకరు తెచ్చాడు. ఆవిడకి చెవులు కొంచెం తక్కువ, దాన్ని ఒళ్లో పెట్టుకున్నారు.

మొదట ఇంటర్వ్యూ పెట్టాను. ఆయన గొంతు రాగానే కొంగు తల మీదికి లాక్కున్నారు. మనవడు ఫోన్లో రికార్డ్ చెయ్యబోతే వద్దన్నాను, తర్వాత ఇస్తానని చెప్పాను. "ఇంక ఆపెయ్యమ్మా" అన్న మాట వచ్చింది, నేను అక్కడ ఆపి, ఆ తర్వాత ఇంకా ఉందనీ, నాకు తెలియకుండా రికార్డయిందనీ, పద్యం ఒకటి, ఇంకో సంగతి ఒకటి ఉన్నాయనీ చెప్పాను. వినమంటారా అని అడిగాను. పెట్టమన్నారు.

టీ గ్లాసుల చప్పుడు వచ్చింది. ఆవిడ గాజులు వచ్చాయి, నవ్వారు. పద్యం వచ్చింది. కళ్లు మూసుకుని విన్నారు, పెదాలు కదులుతున్నాయి, మొత్తం పద్యం ఆవిడకి వచ్చు. పద్యం అయ్యాక ఆయన "ఆ జాతర రేత్రి..." అని మొదలుపెట్టగానే నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆపు తల్లీ. ఇక్కడినుంచి ఏటి సెప్తాడో నాకు తెలుసు. ఆ రేత్రి రంగు కడిగింది నానే."

ఆపేశాను. మనవడు ఏమిటేమిటి అని అడిగాడు, ఆవిడ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. కొంతసేపయ్యాక "అది ఆడికి నాను సెప్తానులే, నువ్వు సెప్పకు. పద్దెం అందరికీ ఇచ్చీ" అన్నారు. పాతపేజీలు గారూ, మీరు అడిగినది నేను మరిచిపోలేదు, అది ఎక్కడైనా రాయొచ్చా అని కూడా అడిగాను. "నాను పోయాక ఆడిష్టం" అన్నారు, మనవణ్ణి చూపించి. అందుకని ఆ భాగం విడిగా ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఆవిడ చేతికే ఇచ్చాను, బియ్యం డబ్బాలో పెట్టారు. నా దగ్గర కాపీ ఉంచుకోలేదు. క్యాసెట్టు మాత్రం ఉంది, ఈ వారంలోనే తీసుకెళ్లి ఇచ్చేస్తాను.

పాతపేజీలు
ఆదివారం, రాత్రి 8:52

నాకు చాలమ్మా. ఆ అబ్బాయి ఏ రోజైనా రాస్తానంటే నా దగ్గరున్న కరపత్రాలన్నీ ఇస్తాను, ఆ నాటక సమాజాల తేదీలు, ఊళ్లు అన్నీ వాటిలో ఉన్నాయి. నా మాటగా చెప్పండి.

గజ్జెలమోత
ఆదివారం, రాత్రి 9:10

అమ్మా, మా నాన్నకి డెబ్బై ఒకటి. ఇంకా బాగానే మాట్లాడతాడు. పత్రిక ఆగిపోయినా మీరు ఒకసారి వస్తారా? మోకాళ్ల గురించి అడగడానికి.

కోటగుమ్మం
ఆదివారం, రాత్రి 9:14

వచ్చే ఆదివారం వస్తాను నాయనా. సిక్కోలు_కెమెరా తమ్ముణ్ణి కూడా తీసుకొస్తాను, వీడియో తను తీస్తాడు, ఆపమన్నప్పుడు ఆపుతాడు.

సిక్కోలు_కెమెరా
ఆదివారం, రాత్రి 9:16

ఆపుతానమ్మా. నాయన గారి ముందే ఆపి చూపిస్తాను.

వయొలిన్_తీగ
ఆదివారం, రాత్రి 9:40

ఫైలు అందిందమ్మా. మీ చెవి కరెక్టే, ముఖారే. మూడో పాదంలో ఒక చోట గొంతు కిందికి దిగి ఆగుతుంది, అక్కడ స్వరం రాయడం కష్టంగా ఉంది, పదిసార్లు విన్నాను. ఆవిడకి పద్యం వచ్చు అన్నారు కదా, నన్ను ఒకసారి ఆ ఊరు తీసుకెళ్తారా?